అంకితం పేజీలోని పెన్సిల్ రాత

పదకొండేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బయటికి ఏమీ కనిపించదు. ఉద్యోగానికి వెళ్తాను, వంట చేస్తాను, రైల్లో సీటు దొరికితే కునుకు తీస్తాను. కానీ తెలియని నంబరు నుంచి ఫోను వచ్చినా, ఆఫీసులో ఎవరైనా "ఒక్క నిమిషం మాట్లాడాలి" అన్నా మొదట తట్టేది ఒకటే. తెలిసిపోయిందా? ఎవరైనా చూశారా? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ భయం నిజం కాలేదు. నిజమై ఉంటే ఎప్పుడో తేలిపోయేదేమో.

నా పేరు చెప్పను. మీకు నేనెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు. అయినా వినండి.

నాది రాజమండ్రి. పాత పుస్తకాల మరమ్మతు నా వృత్తి. పురుగు తిన్న కాగితానికి అతుకు వేయడం, ఊడిన కుట్టు మళ్ళీ కుట్టడం, మరకలు తీయడం. సింగపూరులో ఒక పరిశోధన సంస్థకు రెండేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చాను. చోవా చూ కాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో గది తీసుకున్నాను. మరమ్మతు పనితో పాటు ఒక పరిశోధన వ్యాసం కూడా అచ్చులో చూపించాలి. చూపిస్తే కాంట్రాక్టు పొడిగిస్తారు. లేకపోతే వర్క్ పాస్ రద్దవుతుంది, పెట్టె సర్దుకోవాలి. పద్దెనిమిది నెలలు గడిచిపోయాయి. నా దగ్గర వ్యాసం లేదు.

నేను ఎంచుకున్న విషయం తొలినాటి అచ్చు పుస్తకాల్లో ఉండే వంశచిహ్నాలు. మన కావ్యాల్లో కవి అవతారికలో కృతిపతి వంశాన్ని పద్యం మీద పద్యంగా పొగుడుతాడు కదా. ఐరోపా పుస్తకాల్లో ఆ పని ఒక బొమ్మ చేస్తుంది. అంకితం పేజీలో, పుస్తకాన్ని పోషించిన ప్రభువు వంశచిహ్నం ఉంటుంది. ఒక డాలు, దాని మీద సింహమో చేపో కోటబురుజో, పైన శిరస్త్రాణం, కింద ఒక పట్టీ. రాగి పలక మీద సన్నటి ఉలితో గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితం మీద అదిమి తీసేవారు. ఒక్కోసారి పుస్తకం పూర్తయ్యేలోపు ప్రభువు చనిపోయేవాడు, లేదా మాట తప్పేవాడు. అప్పుడు అదే పలకను రుద్ది, పాత చిహ్నాన్ని చదును చేసి, ఆ చోటే కొత్త ప్రభువు చిహ్నాన్ని చెక్కించేవారు. ఎంత రుద్దినా పాత గీతలు కొన్ని పోయేవి కావు. అచ్చులో అవి వెంట్రుకల్లా పడేవి. అలా ఒక వంశం వెనక ఇంకో వంశం కనిపించే పేజీ, ఇంతవరకూ ఎవరూ రాయని పేజీ, ఒక్కటి దొరికితే చాలు నాకు. దొరకలేదు. సంస్థలో ఉన్న పుస్తకాలన్నీ వెతికేశాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం బూన్ లేలో హాకర్ సెంటర్‌కి భోజనానికి వెళ్ళాను. కిటకిటలాడుతోంది. ఖాళీగా కనిపించిన బల్ల దగ్గర కూలబడి, అమ్మతో ఫోన్లో నా గోడు చెప్పుకుంటున్నాను. అంతలో పళ్ళెం పట్టుకుని ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.

"నాను చోప్ సేసిన టేబులమ్మా ఇది," అన్నాడు.

చూస్తే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. సీటు తనదని గుర్తుగా ఇక్కడ అలా పెట్టి వెళ్తారు. నేను కంగారుగా లేవబోయాను. అప్పుడు తట్టింది నాకు, ఆయన తెలుగులో మాట్లాడాడని.

"పరవానేదు, కూకో," అన్నాడు ఆయన నవ్వుతూ.

ఆయన పేరు సింహాచలం. డెబ్బై అయిదు దాటాయి. షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం వైపు నుంచి తండ్రి మలయాలో రబ్బరు తోటలకు వచ్చాడట. ఆయన తెలుగు ఇంట్లో విని నేర్చుకున్న తెలుగు, మధ్యలో మలయ్ మాటలు, అరవం మాటలు. భార్య పోయింది. కూతురు జయ టాంపినీస్‌లో ఉంటుంది. తినడం అయ్యాక గొంతు తగ్గించి అడిగాడు.

"ఫోన్లో పాత పుస్తకాలంతన్నావు. ఎంత పాతయి?"

"మూడొందలేళ్ళు, ఇంకా పైబడినవి అంకుల్."

"నా కాడ ఒకటున్నాది. సూస్తావా?"

నేను నమ్మలేదు. మర్యాదకు వెళ్ళాను. ఆయన ఫ్లాట్‌లో బీరువా అడుగు నుంచి ఒక బిస్కెట్ డబ్బా తీశాడు. లోపల సారొంగ్, అంటే పాత లుంగీ గుడ్డలో చుట్టిన పుస్తకం. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది నాకు. ఆ బరువు, ఆ తోలు అట్ట. ఔషధ మొక్కల గురించి లాటిన్‌లో రాసిన పుస్తకం. నేను పేజీలు తిప్పుతున్నాను. ఆయన చెప్తున్నాడు.

ఆయన తండ్రి అప్పన్న రబ్బరు తోటలో మేనేజరు బంగళాకు వంటవాడు. మేనేజరును తువాన్ అనేవారు, అంటే దొర. తువాన్ బంగళాలో పుస్తకాల గది ఉండేది. ఆ పుస్తకం దొర పూర్వీకుడొకడికి అంకితమిచ్చింది, వాళ్ళ ఇంట తరతరాలుగా వస్తున్నది. జపాన్ సైన్యం దగ్గరికి వచ్చేస్తోందని తెలిసిన రోజు దొర ఆ పుస్తకాన్ని అప్పన్న చేతిలో పెట్టాడట. తర్వాత దొరను ఖైదు చేశారు. ఖైదులోనే పోయాడు. యుద్ధం అయ్యాక కొత్త మేనేజరు వచ్చాడు. బంగళా ఖాళీగా ఉంది. తోట కిరానీ, అంటే గుమాస్తా, అప్పన్న గుడిసెలో ఈ పుస్తకం చూశాడు. అంతే. బంగళా దోచిన దొంగ అప్పన్నే అయ్యాడు. పనిలోంచి తీసేశారు. సింగపూరు వచ్చినా పేరు వెనకే వచ్చింది. "దొంగప్పన్న" అన్నారు మనవాళ్ళే. ఆ పేరు వల్ల సింహాచలం అక్కకు కుదిరిన సంబంధం తప్పిపోయింది.

"మా అయ్య సచ్చేదాకా ఒకటే మాట. తువాన్ రాసిచ్చినాడు, తువాన్ రాసిచ్చినాడు. ఎక్కడ రాసినాడో సూపించమంటే ఆయనకి తెల్దు. సదువు నేదు గదా. కిరానీ పుస్తకం తిరగేసి, ఏటీ నేదు, పిల్లోడి గీతలున్నాయి అన్నాడంట. ఆ పిల్లోణ్ణి నానే. నాలుగేళ్ళుంటాయి. పెన్సిల్ దొరికితే గీసేసినాను. అప్పుడు మా అయ్య కొట్టిన దెబ్బ..." ఆయన చెంప తడుముకున్నాడు. "నువ్వు సదువుకున్నదానివి. సూసి సెప్పమ్మా. ఉంటే ఉందను. నేకపోతే నేదను. ఏదైనా నాకు సాలు. తెలవక సచ్చిపోకూడదు."

ఇదంతా ఆయన చెప్పాడని మీకు రాస్తున్నాను కదా. అప్పుడు నేను విన్నానా? చెవుల్లో పడింది. అంతే. ఎందుకంటే ఆ క్షణంలో నేను అంకితం పేజీ తెరిచాను. డాలు మీద మూడు చేపలు. ఆ చేపల మధ్య, వెంట్రుకవాసి గీతల్లో, ఒక కోటబురుజు. ఎవరో రుద్దేసిన వంశం. నేను పద్దెనిమిది నెలలుగా వెతుకుతున్న పేజీ.

"ఒక వారం ఇస్తారా అంకుల్? జాగ్రత్తగా చూసి తెస్తాను. చిన్న మరక కూడా పడనివ్వను."

ఆయన సారొంగ్ గుడ్డతో సహా ఇచ్చేశాడు. రసీదు అడగలేదు.

మా సంస్థలో బయటి పుస్తకం తేవాలంటే రిజిస్టరులో రాయాలి, పై అధికారి సంతకం కావాలి, యజమాని అనుమతి పత్రం కావాలి. నేను ఏదీ చెయ్యలేదు. శనివారం ఎవరూ లేనప్పుడు సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళాను. ముందు ఒక ఫొటో తీశాను. ఏ పని మొదలుపెట్టినా ముందు ఫొటో తీయడం మాకు అలవాటు, చెయ్యి దానంతట అదే చేస్తుంది. తర్వాత దొర రాత కోసం వెతికాను. నిజంగానే వెతికాను. అట్ట లోపల, ముందున్న ఖాళీ కాగితాల మీద, చివరి పేజీల్లో. ఎవరైనా రాసిస్తే అక్కడే రాస్తారు. ఏమీ లేదు. పావుగంటలో ఆ పని అయిపోయిందనిపించాను.

ఇక అంకితం పేజీ. చేపల తోకల దగ్గరి ఖాళీ నుంచి కింది పట్టీ దాకా పెన్సిల్ సున్నాలు, మెలికలు. మసకబారి, మరకలో కలిసిపోయి ఉన్నాయి. సరిగ్గా బురుజు గీతలు కనిపించాల్సిన చోటే. ఆ గీతలు పోతే తప్ప నా ఫొటో పనికిరాదు. మెత్తటి రబ్బరు తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. అవి పిల్లవాడి గీతలే అనుకున్నాను.

ఆగండి. ఈ వాక్యం నేను పదకొండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది. అలవాటుగా మీకూ రాసేశాను. నిజం ఇంకొంచెం ఉంది.

సగం రుద్దాక, మెలికల అడుగున ఏవో తిన్నగా ఒకే వరసలో కనిపించాయి. పిల్లవాడి చెయ్యి తిన్నటి వరసలో వెళ్ళదు. రెండు అక్షరాలు పక్కపక్కనే, ఒకేలా, కిందికి కాళ్ళు చాపి ఉన్నాయి. ఇంగ్లీషు 'పి' అక్షరాలు రెండు. అప్పన్న అన్న పేరులో ఉండేవి. ఆ పేరు నేను వారం కిందటే విన్నాను. నా మనసులో ఏదో మెదిలింది. ఆగు అంది. చెయ్యి ఆగలేదు. ఎందుకు ఆగలేదు? ఆగితే ఆ పేజీ ఆయన పేజీ అయిపోతుంది, నాది కాకుండా పోతుంది. ఇంత స్పష్టంగా అప్పుడు అనుకున్నానా అంటే లేదు. కానీ చెయ్యి వేగం పెంచింది. అది నాకు గుర్తుంది. తర్వాత కాగితానికి తేమ పట్టించి, బరువు కింద పెట్టి సాపు చేశాను. పెన్సిల్ ఒత్తిడి గుర్తులు కూడా పోయాయి. పనిలో నేను చాలా శ్రద్ధగల మనిషిని.

సోమవారం కంప్యూటర్లో మొదటి ఫొటో తెరిచాను. వెలుగు తగ్గించి, పెంచి, మెలికల్ని వేరు చేసి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. మూడు వరసలు. సన్నటి, ఒద్దికైన ఇంగ్లీషు చేతిరాత. తెలుగులో చెప్తాను: "అప్పన్నకు. ఈ పుస్తకం నేనే ఇచ్చాను. ఎవరైనా అడిగితే ఇది చూపించు." కింద దొర సంతకం.

నేను ఆ గది తలుపు గడియ పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. లోపల నేను తప్ప ఎవరూ లేరు.

ఆ దొరకు తెలుసన్నమాట, రేపు ఈ మనిషిని దొంగ అంటారని. తన వంశచిహ్నంలోనే రాశాడు. ఆ రాతకు అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకెక్కడ రాస్తే ఉంటుంది? నాలుగేళ్ళ పిల్లవాడు దాని మీద గీశాడు. గుమాస్తాకు ఓపిక లేకపోయింది. అయినా అది డెబ్బై ఏళ్ళు ఉంది. నేను పది నిమిషాల్లో లేకుండా చేశాను.

ఫొటో ఉంది కదా, చూపించొచ్చు కదా అంటారు. నేనూ అనుకున్నాను. ఆ వారమంతా అదే అనుకున్నాను. కానీ ఫొటో చూపిస్తే రాత ఏమైందని అడుగుతారు. అనుమతి లేకుండా తెచ్చిన పుస్తకం, అనుమతి లేకుండా చేసిన పని. ఉద్యోగం పోతుంది. ఈ వృత్తిలో ఇంకెవరూ కాగితం ముక్క చేతికివ్వరు. తిండి సహించలేదు. బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయేదాన్ని. చివరికి నాకొక సాకు దొరికింది. చూశారా, సాకు దొరికింది అంటున్నాను. తండ్రి నిర్దోషి అని చెప్పే ఆ రాతను కప్పేసింది ఈయన గీతలే కదా. నిజం చెప్తే, నా వల్లే మా అయ్య దొంగయ్యాడని ఈ వయసులో కుమిలిపోడూ? చెప్పకపోవడమే దయ కదా?

ఆ దయ మూటగట్టుకుని బూన్ లే వెళ్ళాను.

ఆయన తలుపు తీసి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బల్ల మీద రెండు కప్పుల కాఫీ, ప్లేటు మూత పెట్టి.

"మకాన్ అయిందా?" అని అడిగాడు. తిన్నావా అని. నేను తలూపాను. ఆయన కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఏటమ్మా, ఉన్నాదా?"

"ఏమీ లేదంకుల్."

"బాగా సూసినావా?"

"అన్ని పేజీలూ చూశాను."

"నా గీతలుండాల గదా?"

"అవి శుభ్రం చేశాను."

ఆయన పుస్తకం తెరిచాడు. ఆ పేజీ ఎక్కడుందో ఆయన వేళ్ళకు తెలుసు. శుభ్రమైన కాగితం మీద బొటనవేలితో నిమిరాడు. "కొత్తదాని నాగున్నాది," అన్నాడు. "మంచి పని సేసినావమ్మా." తర్వాత నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "అయితే మా అయ్యే ఎత్తుకొచ్చినాడన్నమాట."

ఇప్పుడు చెప్పు, అనుకున్నాను. ఇప్పుడు. నోరు తెరిచాను. మంచినీళ్ళు ఇస్తారా అని అడిగాను.

అది అక్కడితో అయిపోయి ఉంటే నేను ఇంత భయపడేదాన్ని కాదేమో. పది రోజుల తర్వాత ఆయన ఫోను చేశాడు. దొంగసొత్తు ఇంట్లో పెట్టుకోలేననీ, ఆ దొర తాలూకు మనుషులు ఎక్కడున్నా వెతికి పంపించమనీ అన్నాడు. "ఆ చేపల బొమ్మ పట్టుకుని ఎతకలేవా? నీకు తెలుసు గదా ఆ పని." తెలుసు. రెండు వారాల్లో వెతికి పట్టుకున్నాను. ఇంగ్లండులో దొర తమ్ముడి మనవరాలు ఉంది. ఆయన చెప్పమన్నట్టే, వాళ్ళ అయ్య ఎత్తుకొచ్చాడని ఉత్తరం రాసి పుస్తకం పోస్టు చేసింది నేనే. రసీదు ఆయనకు ఇచ్చాను. జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆమె జవాబు రాసింది. మంచి ఉత్తరం. యుద్ధంలో పోయిన వస్తువు ఇల్లు చేరినందుకు సంతోషమనీ, ఇన్నేళ్ళ తర్వాత తిరిగి ఇవ్వడానికి పెద్ద మనసు కావాలనీ రాసింది. సింహాచలం అంకుల్ దాన్ని నాతో చదివించుకున్నాడు. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నా గొంతు వణకలేదు. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

"మా అయ్యని మన్నించినామని రాసినారా?" అని అడిగాడు.

ఉత్తరంలో ఆ మాట లేదు.

"రాశారంకుల్," అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆయన కూతురు జయక్క చెప్పింది నాకు. ప్రతి ఏడూ తండ్రి పోయిన రోజున ఆయన వండించి విస్తరి వేయించేవాడట. ఆ ఏడు వద్దన్నాడట. మళ్ళీ ఎప్పుడూ వేయించలేదు.

నా వ్యాసం అచ్చయింది. మొదటి పేజీలో మూడు చేపల బొమ్మ, వెనక మసక బురుజు. చెరిగిపోయిన ఒక వంశాన్ని తిరిగి చూపించానని మెచ్చుకున్నారు. కాంట్రాక్టు పొడిగించారు. తర్వాత పర్మనెంట్ అయింది. పెళ్ళయింది, పాప పుట్టింది. ఎక్కడ ప్రసంగం ఇచ్చినా ఆ బొమ్మ తెర మీదికి వచ్చేది. ఎవరైనా చెయ్యెత్తితే ఒకటే భయం. ఆ ఖాళీలో ముందేమైనా ఉండేదా అని అడుగుతారేమో. ఎవరూ అడగలేదు. మొదటి ఫొటోను మాత్రం నేను తీసెయ్యలేకపోయాను. కంప్యూటరు మార్చినప్పుడల్లా "ఆవకాయ" అని పేరుపెట్టిన ఫోల్డరులో దాన్నీ మార్చేదాన్ని. ఎందుకు దాచాను? ఎప్పటికైనా చెప్తాననా? చెప్పగలిగినా చెప్పలేదని నన్ను నేను పొడుచుకోవడానికా? తెలియదు.

నాలుగేళ్ళ తర్వాత సింహాచలం అంకుల్ పోయాడు. బ్లాకు కింద ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో కుర్చీలు వేశారు. జయక్క నా రెండు చేతులూ పట్టుకుంది. "పుస్తకం రిటర్న్ చేశాక నాన్న పీస్‌ఫుల్‌గా అయ్యారు. నీ వల్లే," అంది. నేను ఆ చేతులు వదిలించుకోలేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

రెండు నెలల కిందట ఇంగ్లండు నుంచి ఆ మనవరాలు ఈమెయిలు పంపింది. వాళ్ళ ఊరి మ్యూజియంలో ఆ పుస్తకాన్ని ప్రదర్శనకు పెడుతున్నారట. పక్కన పెట్టే పలక మీద రాసే మాటలు పంపి, సరిచూడమంది. రెండే వాక్యాలు. యుద్ధకాలంలో బంగళా వంటవాడు అప్పన్న ఈ పుస్తకాన్ని దొంగిలించాడు. దశాబ్దాల తర్వాత అతని కొడుకు నిజాయితీగా తిరిగి అప్పగించాడు.

నేను "సరే" అని రాస్తే చాలు.

పందొమ్మిది రోజులు ఆ మెయిలుకు జవాబు ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ అప్పన్న దొంగ అన్నది నలుగురి నోళ్ళలో మాటే. ఆ నలుగురూ పోయారు. ఇప్పుడది పేరుతో సహా పలక మీదికి ఎక్కుతుంది, నా చేత్తో. జవాబు రాయడానికి కూర్చుంటాను. లేస్తాను. స్టవ్ ఆపానా లేదా అని చూసి వస్తాను. మా ఆయన డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. "వై ఆర్ యూ లైక్ దట్ లా, అమ్మా?" అంది మా పాప, ఇక్కడివాళ్ళు మాట చివర కలిపే 'లా'తో. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి, ఫొటో ప్రింటు తీసుకుని, టాంపినీస్ రైలెక్కాను. మూడు స్టేషన్ల ముందే దిగిపోయి, ప్లాట్‌ఫారం మీద కూర్చుని, మళ్ళీ ఎక్కాను.

జయక్క బట్టలు ఆరేస్తోంది. లోపలికి రమ్మంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. మొదట ఆమెకు అర్థం కాలేదు.

"మళ్ళీ చెప్పు. స్లోగా."

మళ్ళీ చెప్పాను. ఫొటో ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది.

"రుద్దేటప్పుడు నీకు తెలుసా?"

"అక్షరాలు కనిపించాయి అక్కా. ఆపలేదు."

"నాన్న ఉన్నప్పుడు కూడా తెలుసు."

"తెలుసు."

"ఇక్కడ రాసింది తెలుగులో చెప్పు."

చెప్పాను. అప్పన్నకు. ఈ పుస్తకం నేనే ఇచ్చాను. ఎవరైనా అడిగితే ఇది చూపించు.

"ఇంకోసారి."

చెప్పాను. ఆమె పెదవులు నాతో పాటే కదిలాయి. మూడోసారి అడగలేదు. ఫొటోను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. వంటింట్లో వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. నేను ఆమె ముందు నేల మీద కూర్చోబోయాను.

"సారీ చెప్పకు, ప్లీజ్," అంది వెంటనే. "నువ్వు చెప్తే నేను పర్వాలేదు అనాలి. నేను అనలేను. మా నాన్న అనేవాడేమో. ఆయన్ని నువ్వు అడగలేదు."

నేను నిలబడే ఉన్నాను.

"ఫొటో ఇక్కడ పెట్టి వెళ్ళు. మళ్ళీ రావద్దు లా. నేను పిలిస్తే అప్పుడు చూద్దాం."

ఆమె ఇంతవరకూ పిలవలేదు.

ఇంటికి వచ్చి ఆ మనవరాలికి రాశాను. ఫొటో జత చేశాను. ఆమె పాత ఉత్తరంలో క్షమించామన్న మాట లేకపోయినా ఉందని చదివానని కూడా రాశాను. ఆమె నాలుగు రోజులకు జవాబిచ్చింది. పలక మీద ఆ రెండు వాక్యాలూ తీసేయిస్తానంది, పుస్తకం ప్రదర్శనలో పెట్టనంది, జయ చిరునామా అడిగింది. నాకు వేరే ఏమీ రాయలేదు. కింద తన పేరు కూడా పెట్టలేదు.

తర్వాత మా సంస్థకు రాయాల్సిన ఉత్తరం. మూడు వారాల కిందట రాశాను. అది రాసేటప్పుడు చూసుకున్నాను, నా వేళ్ళు మళ్ళీ వాటి పని అవి చేస్తున్నాయి. "శుభ్రపరిచే క్రమంలో రాత చెరిగిపోయింది" అని రాశాను. బాగానే ఉంది అనిపించింది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే జరిగిపోయినట్టుంది. దాన్ని కొట్టేశాను. "నా వల్ల చెరిగింది" అన్నాను. అదీ కొట్టేశాను. లేచి ముఖం కడుక్కుని వచ్చి, "ఆ రాతను నేను చూశాను, చూసి కూడా చెరిపేశాను" అని రాసి, ఇంకోసారి చదవకుండా పంపించాను.

విచారణ జరుగుతోంది. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటారు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఉండకూడదనే నాకు అనిపిస్తుంది, ఉంటే బావుండుననీ అనిపిస్తుంది. మా ఆయన నాతో మాట్లాడుతున్నాడు కానీ, మాట్లాడే ముందు ఒకసారి నా ముఖంలోకి చూస్తున్నాడు. సింహాచలం అంకుల్ లేడు. ఆయన తన తండ్రిని దొంగ అనుకుంటూనే పోయాడు, ఆ ఒక్కటి నేను ఏ ఉత్తరం రాసినా మారదు.

అయినా ఆ వాక్యం పంపించాక నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, పొద్దుటి అన్నంలో ఇంత మజ్జిగ కలుపుకుని, నిలబడే తిన్నాను. అన్నం గొంతు దిగింది. మీరు నన్ను ఏమన్నా అనుకోండి. అనుకోవాలి కూడా. అప్పన్న దొంగ కాదు. ఆ సంగతి పదకొండేళ్ళ కిందటే నాకు తెలుసు.